సూర్యంగారి మ్యాచ్ ఫీజు

(ఆదివారం రాత్రి. సూర్యం తడిచేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. సన్మాన సభకు శాలువా ఒక్కటే తక్కువ.)

సూర్యం: చూశావా రాజ్యం! అంట్లన్నీ తోమేశాను.

రాజ్యం: (పాలగిన్నె తిరగేసి చూస్తూ) లోపలే తోమారు. అడుగున మసి అలాగే ఉంది.

సూర్యం: పాలు పోసేది లోపలే కదా!

రాజ్యం: పొయ్యి మీద కూర్చునేది అడుగే కదా! సింకు జాలీలో ఈ మెతుకులు ఎవరికోసం దాచారు?

సూర్యం: నీకు ఎప్పుడూ తప్పులే కనిపిస్తాయి. నేను స్త్రీల సమానత్వం పక్షాన నిలబడ్డ మనిషిని. మొన్న ఆఫీసులో ఒకాయన "2011 తర్వాత మనకు వన్డే ప్రపంచకప్పు దక్కలేదు" అని నిట్టూర్చాడు. "మగవాళ్లకు దక్కలేదనండి! 2025 నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి కప్పు తెచ్చింది ఎవరు? మన కడప జిల్లా శ్రీచరణి ఆ జట్టులో లేదా?" అన్నాను. నోట మాట రాలేదు పాపం.

రాజ్యం: ఇంత తెలివి ఎక్కడిది?

సూర్యం: టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే దగ్గర నేర్చుకున్నాను. 2017 వింబుల్డన్‌లో శామ్ క్వెరీ చేతిలో ఓడి, దిగులుగా విలేకరుల ముందు కూర్చున్నాడు. 2009 తర్వాత గ్రాండ్‌స్లామ్ సెమీస్ చేరిన మొదటి అమెరికా ఆటగాడు క్వెరీయే అని ఒకాయన అనబోతే, "మగ ఆటగాడు" అని అడ్డు తగిలాడు. అదే అమెరికాకు కప్పులు గెలిచిపెట్టిన సెరెనా విలియమ్స్ ఏమైపోవాలి మరి! ఆడమనిషిని, అమెలీ మౌరెస్మోను, 2014లోనే కోచ్‌గా పెట్టుకున్నవాడు.

రాజ్యం: ముర్రేను తల్లి బాగా పెంచింది. అదే 2017లో, జులైలో, మన మిథాలీ రాజ్ జట్టు లార్డ్స్‌లో ప్రపంచకప్పు ఫైనల్లో 9 పరుగులతో ఓడింది. ఆ రోజు మీరేం చేశారు?

సూర్యం: ఆదివారం కదా... భోంచేసి కాస్త నడుం వాల్చాను.

రాజ్యం: రాత్రిదాకానా?

సూర్యం: పాతవి తవ్వకు. ఇప్పుడు మారాను కదా! మా వంశంలో అంట్లు తోమిన మొదటి మనిషిని నేనే!

రాజ్యం: మగమనిషి.

(సూర్యానికి ముర్రే మీద మొదటిసారి కోపం వచ్చింది.)

సూర్యం: సరే, క్రికెట్ బోర్డును చూసైనా నేర్చుకో. 2022లో మ్యాచ్ ఫీజులు ఆడా మగా తేడా లేకుండా ఒకటే చేసింది. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. నా ఫీజుగా ఒక కాఫీ ఇప్పించు.

రాజ్యం: వార్షిక కాంట్రాక్టుల ఊసెత్తరేం? 2024-25లో మగవాళ్ల పై గ్రేడుకు 7 కోట్లు, ఆడవాళ్ల పై గ్రేడుకు 50 లక్షలు. ఇక్కడా అంతే. మీరు ఆదివారం ఒక్క మ్యాచ్ ఆడి చప్పట్లు అడుగుతారు. ఏడాది పొడుగునా గ్రౌండులో ఉండేదాన్ని నేను. నాకు ఏ గ్రేడూ లేదు.

సూర్యం: అయితే నాకూ కాంట్రాక్టు రాయి. సంతకం పెడతాను!

రాజ్యం: ఎల్లుండి ఇడ్లీ. రేపు పొద్దున్నే మినప్పప్పు నానబోయాలి, సాయంత్రం రుబ్బాలి. రవ్వ కడిగి గట్టిగా పిండి కలపాలి.

సూర్యం: పప్పు ఎంత? రవ్వ ఎంత?

రాజ్యం: పుట్టినప్పటినుంచీ తింటున్నారు కదా!

సూర్యం: తినేటప్పుడు కొలతలు ఎవరు చెప్పారు? (హాల్లోకి చూస్తూ) అమ్మా! ఇడ్లీకి పప్పు ఎంత పోస్తావు?

రాజ్యం: థర్డ్ అంపైర్ దగ్గరికే వెళ్లండి. ఆవిడకు రావలసిన పాత కాంట్రాక్టు బకాయిలు కూడా మిమ్మల్నే అడుగుతారు.