ఊటీ కొండ కింద లెక్కపెట్టాల్సింది బండ్లను మాత్రమేనా?

ఎండాకాలంలో సొంత కారులో ఊటీ వెళ్ళాలంటే ఇప్పుడు హోటల్ గది కన్నా ముందు ఈ-పాస్ చూసుకోవాలి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మేలో ఊటీకి, కొడైకెనాల్‌కి ఈ పద్ధతి మొదలైంది. మరుసటి ఏడాది కోర్టు ఇంకాస్త గట్టిగా వెళ్ళింది. 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఊటీకి మామూలు రోజుల్లో 6 వేలు, వారాంతాల్లో 8 వేల వాహనాలకు మించి రానివ్వొద్దంది. అంతకుముందు సీజన్‌లో రోజుకు దాదాపు 20 వేల బండ్లు నీలగిరి ఎక్కుతున్నాయని కోర్టుకు లెక్క అందింది.

స్థానిక వ్యాపారులకు ఇది నచ్చలేదు. వాళ్ళ టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. చిన్న లాడ్జి నడిపేవాళ్ళకు, టాక్సీ డ్రైవర్లకు, చాక్లెట్లు, వర్కీ బిస్కెట్లు అమ్ముకునేవాళ్ళకు ఏప్రిల్, మే సంపాదనే మిగతా ఏడాదికి ఆధారం. అయినా కోర్టు చేసింది సరైన పనేనని నా అభిప్రాయం. నా అసంతృప్తి వేరే చోట ఉంది. కొండ కింద బండ్లను లెక్కపెట్టి ఆగిపోతే, పైన జరుగుతున్న నష్టంలో సగం కూడా లెక్కలోకి రాదు.

మనలో చాలామందికి ఊటీ అంటే ఒక ఊరు. అడవి ఆ ఊరికి వెళ్ళే దారి. హైదరాబాద్ నుంచో అనంతపురం నుంచో బయల్దేరిన కుటుంబం బెంగళూరు, మైసూరు దాటాక బందీపూర్, ముదుమలై మీదుగా కొండెక్కుతుంది. ఆ రెండూ పులుల అభయారణ్యాలే. 2009 నుంచి బందీపూర్ దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ప్రైవేటు వాహనాలను ఆపేస్తున్నది జంతువులు ఆ రోడ్డు దాటాలి కనుకే. చాలామంది మాత్రం దాన్ని ప్రయాణానికి వచ్చిన అడ్డంకిగానే చూస్తారు, తొమ్మిదిలోపు చెక్‌పోస్టు దాటాలని స్పీడు పెంచుతారు.

తెప్పకాడు దగ్గర ఎడమకు తిరిగితే మసినగుడి వస్తుంది. అక్కడి నుంచి కల్హట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులు ఎక్కితే ఊటీ. మసినగుడి ఉన్న సీగూరు పీఠభూమి మీద ఒకవైపు నీలగిరి నిట్టనిలువుగా లేస్తుంది, మరోవైపు మోయార్ నది లోయ పడిపోతుంది. పడమటి కనుమల నుంచి తూర్పు కనుమల వైపు నడిచే ఏనుగులకు మధ్యలో ఉన్న ఆ సన్నటి నేలే దారి. సరిగ్గా దాని మీదే రిసార్టులు లేచాయి, కరెంటు కంచెలు వచ్చాయి. తమిళనాడు ప్రభుత్వం 2010లో దాన్ని ఏనుగుల దారిగా ప్రకటిస్తే, 2011లో హైకోర్టు, 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించాయి. ఆ తీర్పు వచ్చిన మూడు నెలలకే, 2021 జనవరిలో, మసినగుడిలో ఒక రిసార్టు దగ్గరికి వచ్చిన ఏనుగు మీదకు మండుతున్న టైరు విసిరారు. ఏనుగు చనిపోయింది. ఆ వీడియోను దేశమంతా చూసింది. ఏనుగు రిసార్టుకు వచ్చిందని వార్తల్లో రాశారు. నిజానికి ఏనుగు నడిచే చోటికి వచ్చింది రిసార్టే.

కొండ పైన జరిగిన నష్టం ఇంత కొట్టొచ్చినట్టు కనిపించదు. ఊటీలో అందరూ ఫొటో దిగే పైన్ అడవి, రోడ్డు పక్కన వరసగా నిలబడిన యూకలిప్టస్, కొండవాలుల్ని కప్పేసిన వాటిల్ చెట్లు, వీటిలో ఏదీ ఆ కొండకు చెందినది కాదు. మన కోస్తాలో జామాయిల్ తోటలుగా చూసే యూకలిప్టస్‌ను 1840లలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి ఇక్కడ నాటారు, చలి ఊరికి వంటచెరకు కావాలని. తోళ్ళు పదును చేయడానికి బెరడు పనికొస్తుందని వాటిల్‌ను పెంచారు. స్వాతంత్ర్యం వచ్చాక విస్కోస్ నూలు తయారీకి వాడే గుజ్జు కోసం ఆ తోటలను ఇంకా విస్తరించారు. అంతకుముందు నీలగిరి పైభాగమంతా గడ్డినేల. మడతల్లో, వాగుల వెంట మాత్రం పొట్టి చెట్లు గుబురుగా కమ్ముకున్న షోలా అడవి. చెట్టు లేని నేల కాబట్టి గడ్డినేలను బీడు కింద రాసుకున్నారు. నీలగిరి గిరిజనులైన తోడాలు తరతరాలుగా తమ గేదెలను మేపుకున్నది ఆ నేలలోనే.

ఆ గడ్డి, ఆ షోలా కలిసి వాననీటిని పట్టి ఉంచి, ఎండాకాలంలో కొంచెం కొంచెంగా వాగుల్లోకి వదులుతాయి. పైకారా నీళ్ళు మోయార్‌లోకి, మోయార్ భవానిలోకి, భవాని కావేరిలోకి చేరతాయి. కోయంబత్తూరు వైపు కుళాయిలు, ఈరోడ్ పొలాలు ఆధారపడింది ఈ నీటి మీదే. 2019 ఆగస్టులో నీలగిరి జిల్లాలోని అవలాంచిలో ఒక్క రోజులో 82 సెంటీమీటర్ల వాన పడింది. అంత వానను పట్టుకోవాల్సిన వాలులను మనం తోటలుగా, కట్టడాలుగా మార్చేశాం. 2009 నవంబరులో కొండచరియలు విరిగిపడి నలభై మందికి పైగా చనిపోయిన జిల్లా ఇది.

గూడలూరు రోడ్డులో తొమ్మిదో మైలు దగ్గర టిక్కెట్టు కొని ఎక్కే ‘షూటింగ్ స్పాట్’ తెలుగువాళ్ళందరికీ తెలుసు. హీరో హీరోయిన్లు పరిగెత్తిన ఆ పచ్చటి గుట్ట, మిగిలిన పాత గడ్డినేలల్లో ఒకటి. దాని మీద ఏం పెరుగుతుందో, ఏం బతుకుతుందో చెప్పే మనిషిని నియమించడం ఏమంత కష్టం? స్థానిక యువకులకు అది మంచి ఉద్యోగం అవుతుంది. ఊరి మధ్య సరస్సు సంగతి చూస్తే బాధేస్తుంది. కలెక్టర్‌గా వచ్చిన జాన్ సల్లివాన్ 1820లలో తవ్వించిన చెరువులోకి కోడప్పమండ్ కాలువ వెంట ఊరి మురుగు వచ్చి చేరుతోంది. దాని మీదే మనం పడవలెక్కుతున్నాం.

కాబట్టి హద్దు పెట్టాల్సింది గదులకు, నీళ్ళకు, మురుగుకు. ఎండాకాలంలో ఊరికి ఎన్ని నీళ్ళున్నాయో చూసి, ఎన్ని గదులు నింపవచ్చో తేల్చాలి. కోర్టు ఐఐటీ మద్రాసు, ఐఐఎం బెంగళూరులను అధ్యయనం చేయమనడం ఈ దిశలో మంచి అడుగు. ప్రభుత్వ బస్సుకు, రైలుకు ఈ-పాస్ అక్కర్లేదన్న సంగతి మనవాళ్ళకు పెద్దగా తెలియదు. మేట్టుపాళయం నుంచి పళ్ళచక్రం రైలు కూనూరుకు 1899లో, ఊటీకి 1908లో చేరింది. ఆ 46 కిలోమీటర్లు ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. పిల్లలకు కొండ అంటే ఏమిటో ఆ ఐదు గంటల్లో తెలిసినంతగా ఏ వ్యూ పాయింట్‌లోనూ తెలియదు. ఇక అడవిలో రాత్రిపూట జీపు తిప్పి ఏనుగును చూపిస్తామనేవాళ్ళకు డబ్బు ఇవ్వడం మానేస్తే, ఏ కోర్టూ చేయలేని పని మనం చేసినట్టే.

తోడాల దగ్గర సల్లివాన్ ఎకరా రూపాయి చొప్పున నేల కొన్నాడని చెబుతారు. మన అరకు, లంబసింగి, వంజంగిలకు అప్పటి నీలగిరికి లేని రక్షణ ఒకటుంది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం. 2025 ఫిబ్రవరిలో పర్యాటకం కోసం దాన్ని సవరించాలన్న మాట వినబడగానే మన్యంలో బంద్ జరిగింది, ప్రభుత్వం ఆ ఆలోచన లేదని చెప్పాల్సి వచ్చింది. ఆ బంద్‌ను అభివృద్ధికి అడ్డంగా చూసినవాళ్ళు ఒకసారి సీగూరు పీఠభూమి చరిత్ర చదవాలి. వంజంగి మేఘాల కోసం తెల్లవారకముందే కొండెక్కే కార్లు ప్రతి శీతాకాలం పెరుగుతున్నాయి. అక్కడ రిసార్టులకు దారి తెరవకముందే ఆ ఊళ్ళ తాగునీరు ఏ ఊట నుంచి వస్తోందో సర్వే చేయించి, గ్రామసభ ముందు పెట్టాలి. షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభకు ఆ స్థానం 1996లో వచ్చిన పీసా చట్టమే ఇచ్చింది.