నయమైన గంగను మళ్ళీ దెయ్యాన్ని చేశారు

2023 సెప్టెంబర్ 28న 'చంద్రముఖి 2' విడుదలైనప్పుడు జనం ఏమేం తిట్టారో గుర్తుందా? గ్రాఫిక్స్ తేలిపోయాయన్నారు. లారెన్స్ ఎంత కష్టపడినా రజనీకాంత్ కాలేకపోయాడన్నారు. కంగనా రనౌత్ ఆలస్యంగా వచ్చిందనీ, వచ్చాక కూడా జ్యోతికను మరిపించలేదనీ అన్నారు. వడివేలు కామెడీ పాతబడిందన్నారు, కీరవాణి సంగీతం కూడా సినిమాను గట్టెక్కించలేదన్నారు. వీటిలో చాలావరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ జనం కడుపు మండింది ఇందుకు కాదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక డాక్టర్ నయం చేసి పంపిన జబ్బు అసలు జబ్బే కాదని ఈ సినిమా చెప్పింది. ఆ అమ్మాయి సంగతి ఏమైనా, దెయ్యం మాత్రం నిజంగానే ఉందని చెప్పింది. మనసులో ఎక్కడో అది గుచ్చుకుంది. ఏది గుచ్చుకుందో చెప్పడం తెలియక జనం గ్రాఫిక్స్‌ను తిట్టారు.

2005 నాటి 'చంద్రముఖి'లో దెయ్యం లేదు. ఈ మాట అంటే ఇప్పటికీ చాలామంది ఒక్క క్షణం ఆగి, "అవును కదా" అంటారు. మనందరం దెయ్యం సినిమా అనుకునే చూశాం. నిద్రలో ఉలిక్కిపడ్డాం. అయినా కథలో ఉన్నది గంగ అనే అమ్మాయి, ఆమెకున్న మానసిక సమస్య. విజయనగరం నుంచి ఒక రాజు ఎత్తుకొచ్చిన నర్తకి కథ వింటూ వింటూ, ఆ గదిలోని నగలూ చీరలూ ముట్టుకుంటూ ముట్టుకుంటూ, తనే చంద్రముఖినని నమ్మిపోయిన మనిషి.

ఆ మంచం సీన్ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. గంగ ముస్తాబై బయటికి బయల్దేరుతుంది. భర్త సెంథిల్ వద్దంటాడు. మొదట మామూలుగానే అడుగుతుంది, ఎందుకు వద్దని. అతను మళ్ళీ వద్దంటాడు. అప్పుడు ముందు కళ్ళు మారతాయి, ఆ తర్వాత గొంతు. ఒంటి చేత్తో మంచం పైకి లేస్తుంది. హాలంతా ఊపిరి బిగపట్టిన క్షణం అది. అక్కడ మేకప్ లేదు, తెల్లచీర లేదు, గాల్లో తేలడం లేదు. పట్టపగలు, సొంత పడకగది, ఎదురుగా కట్టుకున్న భర్త. ఆ సీన్ నడిపించినవాడు పక్కనే నిలబడి ఉన్న డాక్టర్ శరవణన్, అంటే రజనీకాంత్. నీ భార్యకు ఏమైందో నీ కళ్ళతో నువ్వే చూడు అని సెంథిల్‌కు చూపించడానికే ఆ పరీక్ష పెట్టాడు. భయపడాల్సిన ఘట్టమే రోగనిర్ధారణ ఘట్టం కూడా కావడం మన మాస్ సినిమాలో ఎన్నిసార్లు జరిగింది చెప్పండి? నాకైతే మరొకటి గుర్తుకు రావడం లేదు.

సూపర్‌స్టార్ సినిమా అంటే చివర్లో విలన్‌ను చితక్కొట్టాలి. ఇక్కడ ఆ హీరో చివర్లో చేసింది వైద్యం. పూజలు చేసే ఆచార్యుణ్ణి తరిమేయకుండా పక్కన పెట్టుకుని, గంగ పగ తీరిందని ఆమె మనసుకు నమ్మకం కలిగించడానికి మనిషి స్థానంలో బొమ్మను పెట్టి, ఆమె చేతే కాల్పించాడు. సైకియాట్రిస్టులు ఇలాంటి వైద్యం ఎక్కడా ఉండదంటారు, నిజమే. ఆ గదిలో పాము సంగతేమిటని అడిగేవాళ్ళూ ఉన్నారు, ఆ ప్రశ్నా న్యాయమే. అయినా సారాంశం మారదు. ఇంటి పిల్ల వింతగా ప్రవర్తిస్తే ఆమె మీద జాలిపడాలి, ఆమెకు నయమవుతుంది అని చెన్నై శాంతి థియేటర్‌లో 800 రోజులు దాటి ఆడిన సినిమా చెప్పింది. మన ఊళ్ళలో వంద రోజుల పోస్టర్లు పడిన సినిమా చెప్పింది.

దీని మూలం 1993 నాటి మలయాళ సినిమా 'మణిచిత్రతాళ్'. మధు ముట్టం రాశాడు, ఫాజిల్ తీశాడు, శోభనకు ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది. ఆ గంగకు ఒక బాల్యం ఉంది. తల్లిదండ్రులు కలకత్తాలో ఉంటే ఊళ్ళో నాయనమ్మ దగ్గర పెరిగిన పిల్ల. పరీక్ష ఉన్న రోజే ఉన్నట్టుండి తీసుకెళ్ళిపోవడానికి వచ్చారని తెలిసి కకావికలైన పిల్ల. అంటే ఆమె లోపలి గాయం, అక్కడి నర్తకి నాగవల్లి కథ కంటే పాతది. ఆ గాయానికి నాగవల్లి ఒక వేషం అయింది, అంతే. మలయాళంలో ఆ నర్తకి తమిళం మాట్లాడుతుంది. తమిళానికి వచ్చేసరికి తెలుగు మాట్లాడుతుంది. తమిళ సినిమాలో 'రారా' పాట తెలుగులోనే ఉండటానికి కారణం ఇదే. ఇంట్లో మనిషి నోట పరాయి భాష వినిపిస్తే ఎంత వణుకు పుడుతుందో ఆ రచయితకు బాగా తెలుసు. మన భాష విని తమిళ ప్రేక్షకులు భయపడ్డారన్నమాట! తెలుగువాడిగా అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఇంత జాగ్రత్తగా కట్టిన కథకు రెండో భాగం ఎలా వస్తుంది? రాదు. గంగకు నయమైపోయింది. నయమైన మనిషి మళ్ళీ తెర మీదికి వచ్చి ఏం చేస్తుంది? ఇల్లు దిద్దుకుంటుంది, రాత్రి హాయిగా నిద్రపోతుంది. దాంతో టికెట్లు తెగవు. పేరుకు మాత్రం మార్కెట్ ఉంది, పోస్టర్ మీద 'చంద్రముఖి' అని వేస్తే చాలు, మొదటి మూడు రోజులు జనం వస్తారు. ఆ పేరు కావాలంటే నయం కాని చంద్రముఖి కావాలి. మందులకు లొంగని, ఎన్నిసార్లయినా తిరిగి రాగల చంద్రముఖి కావాలి. అది దెయ్యానికే సాధ్యం. రెండో భాగంలో దెయ్యం నిజం కావడం రచయిత బుద్ధిలో పుట్టిన ఆలోచన అనుకోను. 2 అనే అంకె ఆ పని చేయించింది.

అందుకే ఆ బంగళాలోకి ఈసారి ఇంకో కుటుంబం దిగింది, ఇంకో అమ్మాయి ఒంట్లోకి సాక్షాత్తూ చంద్రముఖి ఆత్మే వచ్చింది. ఆమెకు పోటీగా రాజు ఆత్మ కూడా. ఇద్దరూ కత్తులు దూసుకుంటుంటే మనం చూసేది పోరాటం, భయం ఎక్కడ? గంగను చూసి భయపడినవాళ్ళం ఆమె కోసం కూడా భయపడ్డాం, ఈ పిల్ల ఏమైపోతుందో అని. ఇక్కడ ఆత్మ ఆవహించిన అమ్మాయి ఎవరో, ఆమె మనసులో ఏముందో సినిమాకే పట్టలేదు. ఆమె ఒక ఖాళీ ఇల్లు, దెయ్యం అద్దెకు దిగింది.

ఈ జారుడు 2010లోనే మొదలైంది. 'చంద్రముఖి' దర్శకుడు పి.వాసు తెలుగులో వెంకటేశ్‌తో తీసిన 'నాగవల్లి'లో ఆ పాతకాలపు రాజు నూరేళ్ళు దాటినా బతికే ఉన్నాడని చూపించారు. డాక్టర్ పాత్ర ఉంది, రోగి ఉంది, పక్కనే చావు లేని రాజూ ఉన్నాడు. సగం మందు, సగం మంత్రం. రెండో సగం పెరిగి పెరిగి 2023 నాటికి మొదటి సగాన్ని మింగేసింది.

ఇదేదో తమిళం నుంచి వచ్చిన జాడ్యం అనుకోవద్దు. మన 'ఓదెల' చూడండి. 2022లో ఆహాలో వచ్చిన 'ఓదెల రైల్వేస్టేషన్' ఏమంత గొప్ప సినిమా కాకపోయినా, అందులో భయం మనిషిదే. పెద్దపల్లి జిల్లాలో ఒక పల్లె, కొత్త పెళ్ళికూతుళ్ళ మీద వరుసగా అఘాయిత్యాలు, హత్యలు. చేసినవాడు ఎవరో కాదు, ఊళ్ళో బట్టలు ఇస్త్రీ చేసే తిరుపతి. నిజం తెలుసుకున్న పెళ్ళాం రాధ వాడి తల నరికి చేత్తో పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు నడిచి వెళ్తుంది. పక్కింటివాడే హంతకుడు, కట్టుకున్నదే తీర్పు చెప్పింది. అంతకంటే భయం ఏం కావాలి? 2025 ఏప్రిల్‌లో 'ఓదెల 2' వచ్చింది. టీజర్‌ను ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో విడుదల చేశారు. తమన్నాను నాగసాధువుగా చూపించారు. చచ్చిన తిరుపతి ప్రేతమై లేచాడు. ఇక వాడు చేసేవన్నీ ప్రేతం ఖాతాలోకి వెళ్ళిపోయాయి, వాణ్ణి ఆపడం శివశక్తి పని అయింది. రాధ చేతిలో ఉన్న కొడవలికి విలువ లేకుండా పోయింది. ఆడపిల్లల మీద ఒక మగవాడు చేసిన నేరం చివరికి దేవుడికీ దెయ్యానికీ మధ్య లెక్కగా మారిపోయింది. దీన్ని చూసి జనం పెదవి విరిస్తే ఆశ్చర్యమేముంది?

సినిమాను సినిమాలా చూడాలి, దెయ్యం సినిమాలో దెయ్యం ఉండకూడదంటే ఎలా అని అడిగేవాళ్ళున్నారు. లారెన్స్ 'కాంచన' వరస మొత్తం దెయ్యాల మీదే నడిచి డబ్బు చేసుకుంది కదా, ఇదే కథ హిందీలో 'భూల్ భులయ్యా 2' అని రెండో భాగంగా వచ్చి బాగా ఆడింది కదా, 'పొలిమేర 2' గెలిచింది కదా అంటారు. ఒప్పుకుంటాను. కాంచన మొదటి నుంచీ దెయ్యాన్ని దెయ్యమనే చెప్పింది, మాట తప్పలేదు. పొలిమేర మొదటి భాగం విప్పకుండా ఒక ముడి వదిలింది, రెండో భాగం ఆ ముడి పట్టుకుని నడిచింది. హిందీ రెండో భాగానికి డబ్బులు వచ్చాయి, అందులో మంచం సీన్ లాంటిది ఒక్కటి చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. నాకు దెయ్యాల మీద కోపం లేదు. ఒకసారి జబ్బు అని చెప్పిన నోటితోనే, వ్యాపారం కోసం, కాదు దెయ్యమే అనడం మీద నా కోపం.

ఎందుకింత కోపమంటే, బయట జరిగేది నాకు తెలుసు కాబట్టి. నా చిన్నప్పుడు మా వీధిలో ఒక కోడలు ఉండేది. రెండో కాన్పు అయిన పదో రోజు నుంచి నిద్రపోవడం మానేసింది. అర్ధరాత్రి వాకిట్లో కూర్చుని ఎవరితోనో మాట్లాడేది, నవ్వేది, బిడ్డను చూసి తనది కాదనేది. గాలి సోకిందన్నారు. అమావాస్య నాడు భూతవైద్యుడు వచ్చాడు. గదిలో కూర్చోబెట్టి తలుపు వేసి ఎండుమిరపకాయల పొగ పెట్టారు. వేపమండలతో కొట్టారు, "నువ్వెవరు? ఎందుకొచ్చావ్?" అని అడుగుతూ. మేం పిల్లలం కిటికీ దగ్గర నిలబడి దగ్గుతూ చూశాం. ఆమె చివరికి ఎవరిదో చచ్చిపోయిన మనిషి పేరు చెప్పింది. అందరూ తల పంకించారు. ఆ పొగలో కూర్చుంటే నేనైనా ఏదో ఒక పేరు చెప్పి ఉండేవాణ్ణి.

గాలి సోకింది అనేశాక ఇంట్లో ఎవరి తప్పూ ఉండదు. కాన్పు తర్వాత ఆమెకు నిద్ర ఉందా, తిండి ఉందా, మొగుడు పట్టించుకుంటున్నాడా అని ఎవరూ అడగక్కర్లేదు. సమస్య బయటి నుంచి వచ్చింది, నిమ్మకాయలతో బయటికే పోతుంది. దెయ్యం పట్టేది ఎక్కువగా ఆడవాళ్ళకే ఎందుకో గమనించారా? కొత్త కోడళ్ళకు, బాలింతలకు, పెళ్ళి కాని పిల్లలకు. ఇంట్లో మామూలు గొంతుతో చెబితే ఎవరూ వినిపించుకోనివాళ్ళు వీళ్ళే. సెంథిల్ వద్దన్నప్పుడు గంగ ఎందుకని రెండుసార్లు అడిగింది. మూడోసారి మంచం ఎత్తాల్సి వచ్చింది.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, మన దేశంలో మానసిక సమస్యలున్నవాళ్ళలో, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. అలాంటివాళ్ళలో కొందరు చేరేది ఎక్కడికి? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక షెడ్డుకు నిప్పంటుకుంది. దర్గా మహిమతో నయమవుతుందని ఇళ్ళవాళ్ళు తెచ్చి వదిలిన రోగులు అందులో గొలుసులతో కట్టేసి ఉన్నారు. పరిగెత్తలేక 28 మంది కాలిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం వచ్చాకే మానసిక రోగిని గొలుసులతో కట్టడం నేరుగా నిషేధమైంది. మన వైపు బాణామతి, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు జిల్లా పేజీల్లో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఇక ఆసుపత్రి మాటంటారా, మన సినిమాల్లో ఎర్రగడ్డ అనే పేరే ఒక జోకు. ఆ పేరు వినగానే హాల్లో నవ్వు. ఆ నవ్వు విన్న తల్లి తన కొడుకును అక్కడికి తీసుకెళ్ళడానికి ఎంత జంకుతుందో రాసినవాడు ఆలోచించడు.

ఇలాంటి చోట 2005లో ఒక దెయ్యం సినిమా కోట్లమందికి జబ్బు అనే మాట నేర్పింది. ఆ సినిమా వచ్చిన తర్వాత "అదేదో చంద్రముఖి జబ్బులా ఉంది, డాక్టరుకు చూపించండి" అనే మాట నేను మా ఊళ్ళో విన్నాను. తెలిసీ తెలియని మాటే, వెక్కిరింత కూడా కొంత ఉంది. అయినా అందులో డాక్టర్ ఉన్నాడు. అంతకు ముందు ఆ వాక్యంలో ఆయనకు చోటే లేదు.

మా వీధి కోడలిని చివరికి ఆమె తమ్ముడు తీసుకెళ్ళి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాడు. కొన్ని నెలలు మందులు వాడింది, నిద్ర పట్టింది, బిడ్డను ఎత్తుకుంది. ఆ బిడ్డకు ఇప్పుడు పెళ్ళయింది. మొన్న ఊరెళ్ళినప్పుడు వాళ్ళింట్లో టీవీలో చంద్రముఖి వస్తోంది, పాతదే. మనవరాలు ఛానెల్ మార్చబోతే ఆమె రిమోట్ లాక్కుంది. మంచం సీన్ రాగానే సౌండ్ తగ్గించింది. తగ్గించి, గంగ ముఖం మీద నుంచి చూపు తిప్పకుండా చూస్తూ కూర్చుంది.