నూరేళ్ల చెక్క, ఆరంగుళాల ఫోన్

పోయిన నెల ఒక రాత్రి పదకొండున్నరకి మా బావగారు ఫోన్ చేసి, "ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకో, తర్వాత మాట్లాడదాం" అన్నారు. ఊళ్లో ఎవరికో ఒంట్లో బాగాలేదేమోనని నాకు టెన్షన్ పట్టుకుంది. తీరా చూస్తే ఒక వీడియో. గడ్డం పెంచిన ఒకాయన 1925 నాటి మార్టిన్ కంపెనీ యుకులేలీని, అంటే నాలుగు తీగల బుల్లి గిటారును, నాలుగుసార్లు మీటి పక్కన పెట్టాడు. తర్వాత 1935 నాటిది తీసుకుని దాన్నీ నాలుగుసార్లు మీటాడు. అంతే, అయిపోయింది.

"తేడా తెలిసిందా?" అన్నారు బావగారు.

"తెలిసిందండీ."

"ఏం తెలిసింది?"

"మధ్యలో ఆయన చొక్కా మార్చుకున్నాడు."

అవతలి నుంచి చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. నా చెవి ఇంకా పక్వానికి రాలేదని ఆ మౌనంలోనే నాకు బోధపడింది. అప్పటినుంచి ఈ విద్యను నిష్ఠగా అభ్యసిస్తున్నాను. తెలిసినంత వరకు ఇక్కడ రాసిపెడుతున్నాను, రేపు ఎవరి బావగారైనా రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేస్తే పనికొస్తుంది.

మొదట భాష పట్టుబడాలి. పాత యుకులేలీ "బాగా మోగింది" అనకూడదు. మోగేది గుడి గంట, డోర్‌బెల్. మహాగనీ చెక్కదైతే "పొడిగా, సూటిగా మాట్లాడుతోంది" అనాలి. కోవా చెక్కదైతే "తేనె జారుతోంది" అనాలి. ఏమీ తోచకపోతే కళ్లు మూసుకుని "చెక్క వినబడుతోంది" అంటే చాలు, ఎదురు ప్రశ్న రాదు. ధర పెరిగేకొద్దీ విశేషణాలు పెరగాలి. 1922లో వచ్చిన మార్టిన్ 5కే అనే మోడల్ ఉంది, ఒళ్లంతా ఆల్చిప్ప నగిషీ. దాని ముందు ఆరు విశేషణాలకు తక్కువ వాడినవాణ్ణి మళ్లీ ఇంటికి పిలవరు. "ఇంట్లో మాట్లాడేది మహాగనీ కాదు, మీరు" అంటుంది మా అక్కయ్య. ఆవిడ చెవి కూడా పక్వానికి రాలేదు.

కోవా అంటే పాలకోవా కాదు. హవాయి దీవుల్లో తప్ప ఎక్కడా సహజంగా పెరగని చెట్టు. శాస్త్రంలో అకేసియా జాతి, అంటే మన తుమ్మకు దూరపు చుట్టం. గుంటూరులో ఉన్నన్నాళ్లూ బావగారు గిట్టనివాణ్ణల్లా "తుమ్మ మొద్దు" అని తిట్టేవారు. ఇప్పుడు ఆ తిట్టు మానేశారు. మొద్దు ఖరీదు తెలిశాక తిట్టు నోటికి రాదు కదా.

పాతదే గొప్పదని మనకు ఒకరు చెప్పాలా? కొత్త బియ్యం ముద్దవుతుందని, పాత సోనా మసూరి కోసం న్యూజెర్సీ ఎడిసన్‌లో రెండు షాపులు తిరిగే జాతి మనది. చెక్కకైనా అదే సూత్రం అంటారు బావగారు. ఆయన లెక్కలో యుకులేలీ వాయిద్యం కాదు, ఊరుతున్న ఆవకాయ.

దీని పుట్టుక చూస్తే మాత్రం అంత గొప్పగా ఉండదు. 1879 ఆగస్టులో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ మదీరా దీవి నుంచి పోర్చుగీసు కూలీలను తెచ్చి హొనొలులులో దింపింది. చెరకు తోటల్లో పని. అందులో ముగ్గురు వడ్రంగులు ఉన్నారు: మాన్యుయెల్ నూనెస్, అగుస్తో దియాస్, జోసె దో ఎస్పిరితో శాంతో. కూలి గడువు తీరాక బల్లలు, కుర్చీలు చేస్తూ, పక్కనే తమ ఊరి చిన్న గిటారును కోవా చెక్కతో చేయడం మొదలుపెట్టారు. హవాయి రాజు కలాకౌవాకు అది నచ్చి కొలువులోకి ఎక్కింది. హవాయి భాషలో "ఉకు" అంటే పేను, "లెలె" అంటే గెంతడం. గెంతే పేను! మా బావగారు గాజు తలుపుల బీరువాలో, తేమ కొలిచే యంత్రం పక్కన పడుకోబెట్టినది ఆ పేనునే.

చెరకు తోటలకు ఓడెక్కినవాళ్లలో మనవాళ్లూ తక్కువేం కాదు. కోరంగి రేవు పేరు మీద మారిషస్‌లో తెలుగువాళ్లను "కోరంగులు" అనే పిలిచారు. వాళ్లూ పాటలు మూటగట్టుకునే వెళ్లారు. చెవి ఒగ్గే రాజు దొరకలేదు. దొరికి ఉంటే ఈపాటికి 1880 నాటి డప్పును 1890 నాటి డప్పుతో పోల్చే వీడియో కూడా నా ఫోన్‌కి వచ్చేది.

1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ఎక్స్‌పోజిషన్‌లో హవాయి సంగీతం విని అమెరికా ఊగిపోయింది. ఆ మరుసటి ఏడాదే హొనొలులులో శామ్యూల్ కమాకా తన ఇంటి బేస్‌మెంట్‌లో యుకులేలీలు చేయడం మొదలుపెట్టాడు. పెన్సిల్వేనియాలోని నజరేత్ ఊళ్లో మార్టిన్ గిటార్ల కంపెనీ కూడా అప్పుడే దిగింది. వాళ్లు అంతకుముందే, 1907లో, ఒకసారి చేసి చూశారు. గిటారు అలవాటుతో లోపల బద్దలు ఎక్కువ బిగించేసరికి అవి సరిగా పలకలేదు. ఈ సంగతి బావగారికి చెప్పకుండా దాచాను. తెలిస్తే "1907 నాటి ఆ ముక్తసరి శబ్దం" కోసం వేట మొదలవుతుంది.

నజరేత్ మాకు గంటన్నర దూరం కూడా లేదు. ఫ్యాక్టరీ, దాని పక్కన మ్యూజియం చూసి రావచ్చు. బావగారు ఏడాదికి రెండుసార్లు వెళ్తారు, దారిలో బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడిలో ఆగుతారు. ఏ మొక్కు ఎక్కడ తీర్చుకుంటున్నారో అక్కయ్యకు స్పష్టంగా తెలియదు.

ఇక వయసు నిర్ధారణ. మార్టిన్ యుకులేలీల్లో చాలావాటికి సీరియల్ నంబర్ వేయలేదు. కాబట్టి జాతకం వేయాలి. బిరడాలు చెక్కవైతే ఒక దశ, లోహానివైతే మరో దశ. మెట్లు నిలువు పట్టీల్లా ఉంటే ముందుకాలం, తలకట్టు మీద స్టిక్కర్ ఉంటే తర్వాతికాలం. బావగారు పళ్ల డాక్టరు వాడే చిన్న అద్దం, టార్చిలైటు కొన్నారు. పెద్ద కూతురి పెళ్లికి జాతకాలు అవసరం లేదని సభలో ఉపన్యాసం ఇచ్చిన మనిషి, యుకులేలీ రంధ్రంలోకి అద్దం దూర్చి ముద్ర కోసం గంటసేపు వెతకడం నేను కళ్లారా చూశాను. చివరికి తల ఎత్తి, "1923 ద్వితీయార్ధం" అన్నారు. లగ్నం ఒక్కటే చెప్పలేదు.

ఇక్కడ నాదొక చిన్న సందేహం. ఆ రోజుల్లో దీనికి పేగు తీగలు కట్టేవారు. నైలాన్ తీగలు వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. ఇప్పుడు చాలామంది కట్టేది ఫ్లోరోకార్బన్, అంటే చేపల గాలానికి కట్టే దారం. పైగా అప్పట్లో ఒక స్వరం పైకి శ్రుతి చేసేవాళ్లు. కాబట్టి 1923 నాటి మాధుర్యం ఇవాళ గాలపు దారం మీంచి బయలుదేరి, ఒక స్వరం కిందికి దిగి, మైకులో దూరి, వీడియోగా నలిగి, ఆరంగుళాల ఫోన్ అడుగున ఉన్న రెండు చిల్లుల్లోంచి మనల్ని చేరుతోంది. ఇన్ని గండాలు దాటి వచ్చిన మాధుర్యం మామూలుది కాదని బావగారి వాదన. దానికి నా దగ్గర జవాబు లేదు.

శాస్త్రీయంగా తేల్చేద్దామని నేనే అన్నాను. 2010లో ఇండియానాపొలిస్‌లో ఒక హోటల్ గదిలో 21 మంది వయొలిన్ వాద్యకారులకు నల్లటి కళ్లద్దాలు పెట్టి, పాత చెక్క వాసన తెలియకుండా వయొలిన్ల మీద సెంటు రాసి, పేరు మోసిన పాత ఇటలీ వయొలిన్లు మూడు (రెండు స్ట్రాడివేరియస్‌లు, ఒక గ్వార్నేరి), కొత్తవి మూడు వాయింపజేశారు. ఎక్కువమంది కొత్తవే కావాలన్నారు. అందరికన్నా తక్కువ నచ్చినది ఒక స్ట్రాడివేరియస్. "వయొలిన్ సంగతి వేరు" అని బావగారు ఒప్పుకున్నారు.

కమాకా వాళ్ల వర్క్‌షాపులో చెవులు వినబడని పనివాళ్లను పెట్టుకునేవారనీ, వాళ్లు చెక్కను తట్టి వేళ్లకు తెలిసే అదురును బట్టి మందం సరిచూసేవారనీ కూడా చెప్పాను.

"అందుకే కదా నిన్నూ జడ్జిగా పిలుస్తున్నాను" అన్నారాయన.

ఆ ఆదివారం బేస్‌మెంట్‌లో రెండు కుర్చీల మధ్య దుప్పటి కట్టాం. సెంటు అవసరం పడలేదు, పైన అక్కయ్య ఇంగువ పోపు పెడుతోంది. దుప్పటి వెనక మూడు యుకులేలీలు: బావగారి 1923 ద్వితీయార్ధం మార్టిన్, 1930ల నాటి కమాకా వాళ్ల పైనాపిల్ ఆకారపుది, మా చిన్న మేనకోడలు స్కూలుకు తీసుకెళ్లే నలభై డాలర్ల ప్లైవుడ్‌ది. వాయించేది ఆ పిల్లే. దుప్పటికి ఇవతల బావగారు, ఆయన స్నేహితులు ఇద్దరు, ఒకరిది తెనాలి, ఒకరిది వరంగల్. నేను కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

మొదటిది వినగానే తెనాలి ఆయన "ఇది పిల్లది, డబ్బా" అన్నారు. రెండోదానికి బావగారు కళ్లు మూసుకున్నారు. "పైనాపిల్. తేనె చూడండి, తేనె." మూడోదానికి ముగ్గురూ కాసేపు ఊపిరి బిగబట్టారు. వరంగల్ ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నూరేళ్లయినా గొంతు చెక్కుచెదరలేదన్నా" అన్నారు.

దుప్పటి తీశాం. మార్టిన్, కమాకా కేసుల్లోనే ఉన్నాయి, జిప్పు కూడా తీయలేదు. పిల్ల ఒళ్లో ప్లైవుడ్‌ది ఉంది.

"మూడుసార్లూ ఇదే వాయించావా?" అన్నాను.

"నాన్నే కదా మావయ్యా, వాటిని ముట్టుకుంటే ఊరుకోనన్నది" అంది.

ఇంకెవరైనా అయితే తల దించుకునేవారు. మా బావగారు లేచి ఆ ప్లైవుడ్‌దాన్ని రెండు చేతులతో అందుకుని వెలుతురులో తిప్పి చూశారు. "ఆరు నెలలుగా ఇది ఈ గదిలోనే ఉంది కదూ" అన్నారు మెల్లగా. "పూలతో పాటు నారకూ వాసన అంటుకుంటుంది." స్నేహితులిద్దరూ గంభీరంగా తలూపారు. నేనూ అది కాగితం మీద రాసుకున్నాను.

ఇప్పుడు అది కూడా గాజు బీరువాలోకి చేరింది. ఇంట్లో ముట్టుకోదగ్గ యుకులేలీ ఒక్కటీ లేదు. పిల్లకు సోమవారం మ్యూజిక్ క్లాసు ఉందని అక్కయ్య తిడుతూనే ఇంకొకటి ఆర్డర్ పెట్టింది. నిన్న సాయంత్రం వచ్చింది. అట్టపెట్టె విప్పకుండా, ముందు వారం రోజులు బీరువాకి ఆనించి ఉంచమన్నారు బావగారు.