కిరోసిన్ పూస్తే ఈగలు పోతాయా?

వాట్సాప్ గ్రూపుల్లో పాడి రైతులు ఒకరికొకరు పంపుకుంటున్న సలహా ఇది: "కిరోసిన్‌లో కర్పూరం కలిపి గేదె ఒంటికి పూయండి. తగ్గకపోతే బ్యూటాక్స్ రెట్టింపు కొట్టండి, ఐవర్‌మెక్టిన్ సూది వేయించండి. నెల రోజులు కొట్టంలో ఈగ కనిపించదు." దయచేసి పాటించకండి.

కిరోసిన్ చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తుంది, నాకితే విషం, పాలకు వాసన పడుతుంది. కర్పూరం గంటల్లో ఎగిరిపోతుంది.

బ్యూటాక్స్‌లో ఉండేది డెల్టామెత్రిన్ అనే పురుగుమందు. అదే మందు ఏళ్ల తరబడి కొట్టినచోట తట్టుకునే ఈగలే మిగులుతాయి. మోతాదు పెంచితే చొంగ, వణుకు వచ్చేది పశువుకే. అసలు తప్పు కొట్టే చోటులో ఉంది. నెత్తురు తాగే కుట్టే ఈగ చూడ్డానికి ఇంటి ఈగలాగే ఉంటుంది, తలకు ముందు సూదిలాంటి తొండం పొడుచుకుని ఉంటుంది. అది ఎక్కువగా కాళ్ల మీదే వాలి, కొద్ది నిమిషాలు తాగి, గోడ మీదికో రాట మీదికో పోతుంది. వీపు తడిపితే దానికేమీ కాదు. లేబుల్ మీద రాసిన మోతాదులోనే కాళ్లు, పొట్ట కింద బాగా తడపండి. ఎండ తగిలే గోడలకు కూడా కొట్టండి. ముందు నీళ్లు తాగించి, గాడీ తొట్టీ కప్పి, చల్లపూట కొట్టాలి. కొట్టాక గేదెను చెరువులో దించొద్దు. ఈ మందు చేపలను చంపేస్తుంది, డెల్టా ఊళ్లలో ఇది చిన్న నష్టం కాదు.

ఐవర్‌మెక్టిన్ అంటే పశువు ఒంట్లోని, ఒంటి మీది పురుగులకు వేసే మందు. అది పాలలోకి దిగుతుంది కాబట్టి పాలిచ్చే పశువుకు వాడకూడదు. పేడను మట్టిలో కలిపే పేడపురుగులకూ అది చేటే.

ఇక "నెల రోజులు" అన్న మాట. మన ఎండలకు ఇంటి ఈగ గుడ్డు నుంచి ఈగ కావడానికి 7 నుంచి 10 రోజులు చాలు, కుట్టే ఈగకు రెండు మూడు వారాలు. ఒంటి మీద కనిపించేవి కొన్నే, మిగతావన్నీ తడి చెత్తలో పెరుగుతుంటాయి. గాడి కింద కుళ్లిన మేత, మూత్రంతో నానిన వరిగడ్డి, దూడల పడక, కుడితి తొట్టి చుట్టూ బురద: కుట్టే ఈగకు ఇవే ఇష్టం. పుల్లతో కెలికి చూడండి. తెల్లటి పురుగులు, ఆరిన అంచుల్లో గోధుమ రంగు గుళికలు బయటపడతాయి. ఆ గుళికల్లోంచే ఈగలొస్తాయి. అందుకే ఈ చోట్లను వారానికి రెండుసార్లు తోడేయాలి. వారానికోసారి అంటే మధ్యలో ఒక విడత పురుగు గుళిక కట్టేస్తుంది.

పేడను కొట్టానికి దూరంగా ఎత్తుగా కుప్ప పోయండి. లోపలి వేడికి పురుగు చస్తుంది, చల్లటి అంచుల్లో బతుకుతుంది. అందుకని వారానికోసారి అంచులను లోపలికి తిరగేసి, టార్పాలిన్ కప్పి చుట్టూ మట్టి వేయండి. ఎండాకాలమైతే పలచగా పరిచి ఆరబెట్టినా సరిపోతుంది. వానల్లో ఆ పని చేస్తే ఈగలకు పడక వేసినట్టే.

మందు అవసరమో కాదో తేల్చుకోవాలంటే పగటిపూట కొన్ని పశువుల ముందుకాళ్ల మీద కుట్టే ఈగలను లెక్కపెట్టండి. కాలికి సగటున 5 దాటితేనే డబ్బా మూత తీయండి, అదీ చెత్త తోడాక.