చేపల పులుసుకు తగ్గ నవల

మంచి నవలకు తోడుగా పాస్తా, కాక్‌టెయిల్ చేసుకోమన్న మీ వ్యాసం నచ్చింది. మా నెల్లూరులో మాత్రం ఆ చోటు చేపల పులుసుదే. మామిడికాయ ముక్కలు వేసి ఉదయమే కాచిపెడితే రాత్రికి ముక్కకు పులుపు, కారం బాగా పడతాయి. వంట ముందే అయిపోతుంది కాబట్టి సాయంత్రమంతా పుస్తకానిదే. ముళ్లు తీసుకుంటూ తినే కూరకు రెండు మూడు తరాల పల్లె కథ, నిదానంగా నడిచేది సరిపోతుంది. డిటెక్టివ్ నవల అస్సలు వద్దు.

కాక్‌టెయిల్ అంటే నాకు టామ్ కాలిన్సే: జిన్, నిమ్మరసం, చక్కెర, సోడా. గూడూరు నిమ్మకాయలు దొరికే ఊళ్లో సీసా రసం ఎందుకండీ? భోజనానికి ముందు ఒక్క గ్లాసు చాలు, రెండోది పోస్తే చదివింది గుర్తుండదు. మా అమ్మకు జిన్ లేకుండా, ఉప్పు వేసి ఇస్తాను. నవల తనే ముందు పూర్తి చేస్తుంది.