జుకినీ పూలు రాలాయని మొక్క పీకేయకండి

మిద్దె తోటల వాట్సాప్ గ్రూపుల్లో జుకినీ అనే గుమ్మడి జాతి కూరగాయ మీద ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. జుకినీ తొలి పూలు రాలిపోతే మొక్క గొడ్డుపోయినట్టే, పీకేయండి, లేదంటే యూరియా వేయండి. కాయ ఎంత పెరిగితే అంత లాభం. తిరుపతి ఎండకు ఏ నెలలో వేసినా కాస్తుంది. చేదుంటే ఉప్పు పట్టించి పిండేస్తే సరి. ఈ నాలుగు మాటలూ తప్పే. చివరిది ప్రమాదం కూడా.

ముందు పూల సంగతి. సొర, గుమ్మడి పెంచిన ఇంట్లో పెద్దవాళ్లనడగండి, చెబుతారు. చాలాసార్లు మగపూలే ముందొస్తాయి. వారం, పది రోజులు పూసి రాలిపోతాయి. మా పక్కింటి అక్క కూడా ఆ మెసేజ్ చూసి మొక్క పీకబోయింది. పొద్దున ఆరున్నరకు మిద్దెక్కి, గరుకు ఆకులు పక్కకు తీసి చూపించాను. రాలినవన్నీ సన్నకాడ మగపూలే. లోపల, కాండానికి దగ్గరగా, చిటికెన వేలంత పిందె, దాని కొనకు మొగ్గ. "ఇది ఆడపువ్వక్కా" అన్నాను. అది విచ్చుకున్న పొద్దున మగపువ్వు తెంచి, రెక్కలు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వు నడిమధ్య అద్దాం. ఆరో రోజుకు కాయ కోసింది.

మిద్దె మీదికి తేనెటీగలు అంతగా రావు. ఎండెక్కేసరికి పువ్వు ముడుచుకుంటుంది. పుప్పొడి అందని పిందె కొన నుంచి పసుపెక్కి కుళ్లుతుంది. దాన్ని తెగులనుకొని మందు కొట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. యూరియా దట్టిస్తే ఆకులు గొడుగుల్లా పెరుగుతాయి, కాయలు మాత్రం తగ్గుతాయి.

కాయ సైజు మాటకొస్తే, పేరులోనే జవాబుంది. ఇటాలియన్ భాషలో జుక్కా అంటే గుమ్మడి, జుకినీ అంటే చిన్న గుమ్మడికాయలు. లేతగా తినే కాయ ఇది. 15 నుంచి 20 సెంటీమీటర్లకు, గోరు గుచ్చితే దిగేటప్పుడే కోయాలి. ముదరనిస్తే తొక్క గట్టిపడుతుంది, లోపల గింజ పడుతుంది, మొక్క బలమంతా ఆ గింజకే పోయి కొత్త పిందెలు తగ్గుతాయి. కాపు మొదలయ్యాక రోజు మార్చి రోజు చూడండి. మెలితిప్పి లాగొద్దు, కాండం విరుగుతుంది. కాస్త కాడ ఉంచి కత్తితో కోయండి. లేతకాయతో పెసరపప్పు కూటు చేసి చూడండి, పెద్దకాయ మీద ఆశ పోతుంది.

ఎండ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తిరుపతిలో మే నెల 40 డిగ్రీలు దాటుతుంది. అంత వేడికి మగపూలే ఎక్కువై, పుప్పొడి కూడా చచ్చుబడుతుంది. నవంబరు వానలు తెరిపిచ్చాక విత్తితే 50 రోజులకు అటూఇటూగా కోతకొస్తుంది. కుప్పం, పలమనేరు వైపు చల్లదనం ఎక్కువ, అక్కడ ఇంకొన్ని వారాలు వెసులుబాటు.

ఇక చేదు. జుకినీ, సొర, దోస జాతుల్లో ఆ చేదుకు కారణం కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం. ఉప్పుకు పూర్తిగా పోదు, ఉడికించినా పోదు. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం తాగి ఒక శాస్త్రవేత్త ప్రాణం పోగొట్టుకున్నారు. కోసిన ప్రతి కాయ నుంచీ చిన్న పచ్చిముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. ఆ మొక్క విత్తనం దాచొద్దు, పక్కింటికీ ఇవ్వొద్దు.