మైలేజ్ పెంచే సీసా లేదు, ఇంజెక్టర్ కడిగే సీసా ఉంది

బండి పికప్ కాస్త తగ్గిందనిపిస్తే చాలామంది చూపు ముందు ఫ్యూయల్ అడిటివ్ సీసాల మీదకే వెళ్తుంది. ట్యాంకులో ఒకటి పోస్తే మైలేజ్ పెరుగుతుంది, ఇంజిన్ శుభ్రపడుతుంది, పొగ తగ్గుతుంది, నాకింగ్ (ఇంధనం ముందే మండి ఇంజిన్ టకటకలాడడం) ఆగుతుంది అని ఒకే లేబుల్ మీద నాలుగు మాటలు రాసి ఉంటాయి. ఈ నాలుగూ ఒకే రకం మాటలు కావు. ఒకదానికి గట్టి రసాయన ఆధారం ఉంది, ఒకటి దాదాపు అసాధ్యం, మిగతా రెండూ ఇంజిన్‌లో అసలు ఏం పాడైందన్న దాని మీద ఆధారపడతాయి. అన్నిటినీ కలిపి "అడిటివ్స్ మంచివా కావా" అని అడిగితే ఎవరు చెప్పినా సగం తప్పే చెబుతారు.

ముందు మైలేజ్ సంగతి చూద్దాం, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. అమ్మేవాళ్ల వాదన ఏమిటంటే ఇంజిన్‌లో ఇంధనం పూర్తిగా కాలదు, కొంత వృథాగా బయటికి పోతుంది, దాన్ని కూడా మండించే రసాయనం తమ దగ్గర ఉంది. కానీ సక్రమంగా నడుస్తున్న ఇప్పటి ఇంజిన్‌లో ఇంధనం దాదాపు అంతా కాలిపోతుంది, కాలకుండా మిగిలేది రెండు శాతానికి మించదు. అలాంటప్పుడు పదిహేను, ఇరవై శాతం అదనపు మైలేజ్ ఎక్కడి నుంచి వస్తుంది? వృథా అయితే నిజమే, పెట్రోల్‌లో ఉన్న శక్తిలో చాలా భాగం చక్రాల దాకా రాదు. అయితే అది కాలక పోయింది కాదు, కాలాక సైలెన్సర్ గుండా, రేడియేటర్ గుండా వేడిగా పోయింది. ట్యాంకులో ఏ రసాయనం కలిపినా ఆ వేడి వెనక్కి రాదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మైలేజ్ పెంచుతామనే పరికరాలను, ఉత్పత్తులను ఏళ్ల తరబడి వందకు పైగా పరీక్షిస్తే, ఏ కొద్దింటిలోనో స్వల్పంగా తేడా కనిపించింది తప్ప చెప్పుకోదగ్గ లాభం లేదు. కొన్ని సీసాల మీద ఆ సంస్థ పేరుతో "రిజిస్టర్డ్" అని ఉంటుంది. ఉత్పత్తిలో ఏముందో తయారీదారు ప్రభుత్వానికి చెప్పాడు అన్నంత వరకే దానికి అర్థం, పని చేస్తుందని ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

మరి "నేను వాడితే నిజంగానే పెరిగింది" అనేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు, వాళ్లకు లెక్కలో పెరిగిన మాట నిజమే. డబ్బు పెట్టి సీసా పోసిన మనిషి ఆ వారం యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతాడు, మీటర్ మీద ఒక కన్ను వేసి ఉంచుతాడు. దూకుడుగా నడపడం వల్ల హైవే మీద 15 నుంచి 30 శాతం దాకా మైలేజ్ పోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క, అంటే నడిపే తీరు కాస్త మారినా సీసా హామీ ఇచ్చినంత తేడా వచ్చేస్తుంది. దానికి తోడు ట్యాంక్ ప్రతిసారీ ఒకే మట్టానికి నిండదు, టైర్లలో గాలి ఒకేలా ఉండదు, ట్రాఫిక్ మారుతుంది. ఒక్క ట్యాంకుతో తీర్పు చెప్పేయడం అన్యాయం, అది అడిటివ్‌కు అనుకూలంగా అయినా వ్యతిరేకంగా అయినా.

ఇక శుభ్రం చేయడం దగ్గరికొస్తే నా మాట పూర్తిగా మారుతుంది. ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్ చివర, సిలిండర్‌లోకి గాలిని వదిలే ఇన్‌టేక్ వాల్వ్ మీద కార్బన్ పేరుకుపోవడం నిజమైన సమస్య. దాన్ని వదిలించే డిటర్జెంట్లు కూడా నిజమైనవే, వాటిలో పాలీఈథరమైన్, పొట్టిగా పీఈఏ అనేది, ఇంజిన్ లోపలి వేడికి తట్టుకుని పని చేస్తుంది. డిటర్జెంట్ ఎంత ముఖ్యమో చూపే లెక్క ఒకటి ఉంది. అమెరికాలో 1995 నుంచి పెట్రోల్‌లో డిటర్జెంట్ తప్పనిసరి, అది చాలదని బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టొయోటా కలిసి 2004లో టాప్ టియర్ అనే పై స్థాయి ప్రమాణం పెట్టాయి. 2016లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ రెండు రకాల పెట్రోల్‌నూ పోల్చి చూస్తే, ఆ ప్రమాణం లేని పెట్రోల్ వాడిన ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వ్‌ల మీద సగటున 19 రెట్లు ఎక్కువ కార్బన్ పట్టింది, అదీ నాలుగు వేల మైళ్ల పరుగుకు సమానమైన పరీక్షలోనే. కాబట్టి మంచి డిటర్జెంట్ ఉన్న పెట్రోల్ ఎప్పుడూ పోయించేవాళ్లకు విడిగా సీసా అక్కర్లేదు, మామూలు పెట్రోల్ మీద ఏళ్లుగా తిరిగి స్టార్టింగ్‌లో తడబడుతూ, ఐడ్లింగ్‌లో వణుకుతున్న బండికి మాత్రం పీఈఏ ఉన్న క్లీనర్ ఒకసారి వాడి చూడటం తెలివైన ఖర్చే. ప్రతి ట్యాంకుకూ పోయాల్సిన పని లేదు. లేబుల్ మీద లోపల ఏముందో చెప్పని సీసా అయితే నేను కొనను.

డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. పాత పద్ధతిలో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వ్ మీద పడి సిలిండర్‌లోకి వెళ్తుంది, అందుకే అందులో కలిసిన డిటర్జెంట్ వాల్వ్‌ను కడుగుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది, వాల్వ్ వెనక భాగాన్ని అసలు తాకదు. ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి అక్కడ పేరుకుని గట్టిపడుతుంది, ట్యాంకులో ఎంత ఖరీదైన క్లీనర్ పోసినా దాని జోలికి పోలేదు. ఇంజెక్టర్ ముక్కు శుభ్రపడవచ్చు, అంతవరకే. వాల్వ్‌ల కోసమైతే గాలి వెళ్లే గొట్టాల మానిఫోల్డ్ విప్పి అక్రోట్ తొక్కల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేయాల్సిందే. ఈ తేడా చెప్పకుండా "అన్ని పెట్రోల్ ఇంజిన్లకూ" అని అమ్మడం నాకు చాలా కోపం తెప్పించే విషయం.

ఆక్టేన్ బూస్టర్లు వేరే కథ. ఆక్టేన్ అంటే శక్తి కాదు, ఒత్తిడికి ముందే మండకుండా తట్టుకునే గుణం. 91 ఆక్టేన్‌కు తయారైన ఇంజిన్‌కు అంతకంటే ఎక్కువ ఇచ్చినా అది చాలావరకు వాడుకోలేదు. లేబుల్ మీద "30 పాయింట్లు" అని ఉంటే మామూలుగా అది 3 ఆక్టేన్, ఎందుకంటే ఈ వ్యాపారంలో పాయింట్ అంటే పదో వంతు. చాలా బూస్టర్లలో ఉండే ఎంఎంటీ ఒక మాంగనీస్ సమ్మేళనం, అది స్పార్క్ ప్లగ్‌ల మీద ఎర్రటి పూత పెడుతుంది, పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌కూ మంచిది కాదు. వాహన కంపెనీలు కలిసి రాసుకున్న ప్రపంచ ఇంధన చార్టర్ లోహాలున్న అడిటివ్‌లే వద్దంటుంది. నాకింగ్ ఆపడంలో చరిత్రలో అత్యంత బాగా పని చేసిన అడిటివ్ టెట్రాఇథైల్ లెడ్ అనే సీసం సమ్మేళనం. 1921లో జనరల్ మోటార్స్ ల్యాబ్‌లో థామస్ మిడ్‌గ్లీ బృందం దాని గుణాన్ని కనిపెడితే, 1923లో బంకులకు వచ్చింది, 1924లోనే తయారీ కార్మికులు సీసం విషానికి చనిపోయారు, అయినా చివరి దేశంగా అల్జీరియాలో కార్లకు దాని అమ్మకం ఆగేసరికి 2021 అయింది. ట్యాంకులో పోసింది పిల్లలు పీల్చే గాలిలోకే వస్తుంది కాబట్టి, ఇంజిన్‌కు పని చేసిందా అన్న ప్రశ్న ఒక్కటే అడిగి ఊరుకోలేం.

డీజిల్‌లో అడిటివ్‌ల అవసరం పెట్రోల్ కంటే నిజమైనది, కాకపోతే ఎక్కువ భాగం రిఫైనరీ, డిపో దశల్లోనే కలిసిపోతాయి. గంధకం 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10) స్థాయికి తగ్గించినప్పుడు డీజిల్‌కు సహజంగా ఉన్న జారుడు గుణం కూడా పోతుంది, పంపు అరిగిపోకుండా దాన్ని అడిటివ్‌తో తిరిగి ఇస్తారు. ప్రమాణాలకు తగ్గ డీజిల్ దొరికే చోట మళ్లీ సీసా పోయడం అనవసరం. గడ్డకట్టే చలిలో మాత్రం యాంటీ జెల్ పనికొస్తుంది. అది డీజిల్‌లో మైనం గడ్డకట్టకముందే పోయాలి, ఫిల్టర్ మూసుకుపోయాక పోస్తే ప్రయోజనం ఉండదు. నెలల తరబడి నిలిపి ఉంచే బండికి ఇంధనం చెడిపోకుండా కాపాడే స్టెబిలైజర్ మంచిదే, కానీ ఇథనాల్ కలిసిన పెట్రోల్‌లోకి నీరు చేరి రెండు పొరలుగా విడిపోయాక ఏ సీసా దాన్ని తిరిగి కలపలేదు, ట్యాంక్ ఖాళీ చేయాల్సిందే.

చెక్ ఇంజిన్ లైట్ వెలిగినా, నల్లటి పొగ వస్తున్నా ముందు బండి కంప్యూటర్ చూపే లోపం కోడ్ చదివించాలి, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్‌లు, ఆక్సిజన్ సెన్సర్ చూపించాలి. చెడిపోయిన సెన్సర్‌ను ఏ ద్రవమూ బాగు చేయదు, ఆ ఆలస్యంలో కన్వర్టర్ కూడా పాడై బిల్లు పెరుగుతుంది. అవన్నీ సరిగ్గా ఉండి ఇంజెక్టర్ల మీదే అనుమానం మిగిలితే పీఈఏ క్లీనర్‌ను చెప్పిన మోతాదులోనే పోసి, ఆ ట్యాంక్ మొత్తం హైవే మీద తిప్పడం మంచిది. క్లీనర్ కొంత సిలిండర్ గోడల మీదుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది కాబట్టి, ఆయిల్ మార్పించబోయే ముందు ట్యాంకుకు వాడి, అది అయిపోగానే ఆయిల్ మార్పించేయాలి.